ఎర్రతోక చేపకు తోడు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద చోటు చాలకపోతే ఆ పీట లాక్కోండి. పొయ్యి మీద టీ మరుగుతోంది, అది దిగేలోపు మొదలుపెడతాను. నాకు చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది కాబట్టి రాయడం కంటే చెప్పడమే బాగా వస్తుంది. అందుకని మీరు ఎదురుగా కూర్చున్నట్టే అనుకుని రాస్తున్నాను.

మొన్న మా పక్కింటి పాప ప్లాస్టిక్ కవర్లో ఒక చేపను, చిన్న డబ్బాలో దాని మేతను పట్టుకుని మా గడప ఎక్కింది. "ఆంటీ, ఇది ఒక్కటే ఉంది, దీనికి జతగా ఏం వేయాలి?" అని అడుగుతూనే ఆ డబ్బా మూత తీసింది. ఎండిన పురుగుల వాసన అది, కొంత రొయ్యపొట్టు లాగా, కొంత తడిసిన సున్నపుగోడ లాగా ఉంటుంది. ఎవరైనా ముక్కు మూసుకునే వాసనే. నేను మాత్రం కళ్ళు మూసుకున్నాను. మూసుకున్న కళ్ళ వెనక బళ్ళారిలో చర్చి వెనక సందులో ఉన్న మా నల్లబండల ఇల్లు, ముందు గదిలో గుర్రుమంటూ బుడగలు వదిలే అద్దాల తొట్టి, దాని పక్కన బనియన్‌తో నిలబడ్డ మా నాన్న, నాన్నకు ఆ పక్కన నేను ఉండవలసిన చోట నిలబడి ఉన్న మా మేనత్త కూతురు సువార్త, అందరూ కనబడ్డారు. ఇన్నేళ్ళయినా కడుపులో అదే మంట. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది.

మా నాన్న సామేలు తోరణగల్లు స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు. సాయంత్రం కంపెనీ బస్సు మా సందు మొగలో ఆగిందంటే ఆ బ్రేకుల చప్పుడు గుర్తుపట్టి పరిగెత్తేదాన్ని. ఆ రోజుల్లో ఇనుప ముడిరాయి లారీలు ఊరంతా ఎర్రదుమ్ము చల్లిపోయేవి, ఆరేసిన బట్టల మీద, జొన్నరొట్టెల బుట్ట మీద, చివరికి చర్చిలో పాటల పుస్తకాల అట్టల మీద కూడా అదే దుమ్ము. నాన్న చొక్కా దులిపితే వాకిట్లో చిన్న మబ్బు లేచేది. ఆ మబ్బులో నిలబడి తుమ్మడం నాకు ఒక ఆట. ఎండాకాలం బండలు ఎంత కాలేవంటే అవ్వ చెంబుడు నీళ్ళు చల్లితే సుయ్యిమని ఆవిరి లేచేది. వానాకాలం అదే బండల మీద కూర్చుని, మసాలా బొరుగులు తాలింపేసిన ఒగ్గరణెలో మిరపకాయ బజ్జీ నంజుకుంటూ, కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఇంకొకటి కావాలని చేయి చాచేవాళ్ళం. ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లను. అవ్వ పక్కలో నేనే, అమ్మ కొంగుకు నేనే, నాన్న లూనా బండి మీద ముందర నిలబడేదీ నేనే. ప్రపంచం అట్లాగే ఉంటుందని అనుకున్నాను.

ఆ అద్దాల తొట్టి మా ఇంటికి కోత పండుగలో వచ్చింది. మా సంఘంలో ఏటా కోత పండుగకు ఎవరికి పండింది వాళ్ళు దేవుని సన్నిధికి తెచ్చేవాళ్ళు. గుమ్మడికాయలు, మిరప బుట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, చెరుకుగడలు, ఎవరో చేసిన కేకు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వాటిని వేలం వేసేవాళ్ళు. ఒకే కోడిగుడ్డును ఒకరు పాడుకుని మళ్ళీ దేవునికే ఇచ్చేస్తే, అది చేతులు మారి మారి సాయంత్రానికి ఎవరి సంచిలోనో పగిలిపోయేది. ఆ ఏడు ఊరు వదిలి వెళ్తున్న ఒక ఆఫీసరు కుటుంబం ఇనుప చట్రంలో బిగించిన ఆ తొట్టిని, అందులో ఉన్న ఒకే ఒక్క చేపతో సహా, చర్చికి ఇచ్చింది. నాన్న గుమ్మడికాయ కోసం వెళ్ళి తొట్టి పాడుకొచ్చాడు.

"కూరకి రెండు ముక్కలు గూడా రావు గదప్పా ఇది," అంది అవ్వ, తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి.

"కూరకి కాదమ్మా, చూసేదానికి."

"సుమ్మనే, ఊరికే చూసేదానికా? ఐతే నన్ను చూడు, నేను ఈడనే ఉండా."

ఆ చేప ఒళ్ళంతా బొగ్గులాంటి నలుపు, తోక మాత్రం కాలిన ఇనుములాంటి ఎరుపు. దాన్ని రెడ్ టైల్ షార్క్ అంటారని తర్వాత తెలిసింది. సొరచేప ఏమీ కాదు, వేలెడు పొడవు, ఆకారం చూసి పెట్టిన పేరు. తొట్టి అడుగున బోర్లించిన మట్టిమూకుడు దాని కోట. తోడుగా నాన్న ఏ చిన్న చేపను వేసినా మూకుడు కింద నుంచి బాణంలా దూసుకొచ్చి మూల దాకా తరిమి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళిపోయేది. అవ్వ దానికి 'దొర' అని పేరు పెట్టింది. చిన్నప్పుడు మిషన్ బంగళాలో తాను చూసిన తెల్లదొర కూడా ఇట్లాగే గేటు దగ్గర ఎవరు కనబడినా బయటికి వచ్చి తరిమేవాడట.

దొరకు నీళ్ళు మార్చడం నాకూ నాన్నకూ శనివారం పండుగ. కుళాయి నీళ్ళలో మందు వాసన పోయేదాకా కడవల్లో నిలవ ఉంచి, పాత నీళ్ళు సగం రబ్బరు గొట్టంతో లాగి, కొత్త నీళ్ళు గోడ వెంబడి మెల్లగా పోసేవాళ్ళం. కరెంటు పోతే బుడగల మోటారు ఆగేది. అప్పుడు నేను చెంబుతో నీళ్ళు ఎత్తిపోస్తూ పాటలు పాడేదాన్ని. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

మరుసటి జూన్‌లో సువార్త వచ్చింది.

మా మేనత్తది మోక ఊరు దాటినాక వచ్చే ఒక చిన్న పల్లె. అక్కడి బడి ఐదో తరగతి వరకే. ఆపైన చదివించాలంటే బళ్ళారికి రావాలి, లేదంటే పిల్ల పత్తి చేలోకి పోవాలి. అందుకని అత్త ఒక రేకు పెట్టెతో, పెసర్ల మూటతో కూతురిని బస్సెక్కించి మా ఇంట్లో దించి వెళ్ళింది. నాకంటే కొన్ని నెలలు పెద్దది, వరసకు వదిన. అవ్వ నా గడ్డం పట్టుకుని "వదినా అని పిలవాల, ఏమే?" అంది. నేను పిలవలేదు. ఇవ్వాళ్టికీ పిలవలేదు.

నేను మా మేనత్త పోలిక అని అందరూ అనేవాళ్ళు. ఆ మేనత్త కూతురికి తల్లి పోలిక రాక ఎవరి పోలిక వస్తుంది? అదే గుండ్రని మొహం, అదే చప్పిడి ముక్కు, ఎడమకు వాలే అదే పాపిట. చాలదన్నట్టు నాన్న బడి తెరిచే ముందు ఒకే తాను నుంచి గుడ్డ చింపించి ఇద్దరికీ ఒకే రకం గౌన్లు కుట్టించాడు. మేనకోడలికీ కూతురికీ తేడా చూపించకూడదని ఆయన మంచితనం. ఆ మంచితనం వల్ల నాకు జరిగింది ఏమిటంటే, సువార్త చర్చిలో ఒంటరిగా ఒక చరణం పాడితే, పాటల గుంపు పెద్దాయన బయటికొచ్చి నాన్న భుజం తట్టి, "సామేలప్పా, నీ కూతురు బలే పాడిందప్పా!" అన్నాడు. నాన్న నవ్వి ఊరుకున్నాడు. మేనకోడలని సరిదిద్దలేదు. ఆ నవ్వును నేను చాలా రోజులు మర్చిపోలేదు. మర్చిపోయానని ఇప్పుడు మాత్రం ఎవరన్నారు?

ఇంట్లో రోజంతా 'మామా, మామా'. మామా, లెక్క చూడు. మామా, ఈ చేప నిద్రపోతాదా? మామా, కళ్ళు మూసుకోదు గదా, మరి ఎట్ల నిద్రపోతాది? అడగడం వచ్చినవాళ్ళకు సమాధానాలు దొరుకుతాయి. నాకు అడగడం రాలేదు, పక్కన ఉండడమే వచ్చు. కుంటుబిళ్ళ గీతల దగ్గర, అచ్చంగాయల ఆట దగ్గర, దొరకు మేత వేసే దగ్గర, అన్నిచోట్లా కొట్లాటే.

"నేనేస్తా, తీ చేయి."

"నువ్వు నిన్న ఏసినావు."

"మా తొట్టి ఇది."

"మామ తొట్టి."

ఈ చివరి మాటతో నా నోరు మూతపడేది. అందుకే దాని జడ పట్టుకునేదాన్ని.

వానలు తగ్గిన రోజుల్లో అవ్వకు దొర మీద జాలి కలిగింది. "ఒంటిదిరా పాపం, అందుకే అంత కోపం దానికి. ఎవరెవర్నో తెచ్చి ఏస్తాండావు, అవి దానోళ్ళా? దాని కులమోళ్ళని, దాని రంగోళ్ళని తెచ్చి ఏయి, ఎట్ల కల్సి ఉంటాదో చూడు," అంది. నాన్నకు ఆ మాట సబబుగా తోచింది. మా వాళ్ళు సంబంధం చూసినా, ఇల్లు అద్దెకు ఇచ్చినా ముందు అడిగేది అదే: మనవాళ్ళేనా? అచ్చం దొరలాంటి ఇంకో ఎర్రతోక చేపను, అదే పొడవు చూసి, అదే నలుపు చూసి, వేలితో కొలిచి మరీ తెచ్చాడు. నీళ్ళలో వదిలే ముందు అవ్వ కొంగు తలమీదికి లాక్కుని చిన్న ప్రార్థన కూడా చేసింది.

ఆమెన్ అన్నంతసేపు కూడా పట్టలేదు. దొర మూకుడు కింద నుంచి వచ్చిన తీరు నేను అంతకుముందు చూడలేదు. చిన్న చేపలను తరిమేటప్పుడు అది ఆట, ఇది వేరు. కొత్తదాని పక్కలు పొడిచింది, రెక్కలు చీల్చింది, పైకి పోతే పైకి, కిందికి పోతే కిందికి వెంటబడింది. కొత్తది చివరకు బుడగల గొట్టం వెనక నిలువుగా నక్కి, చీలిన తోకతో ఒణుకుతూ నిలబడింది. సువార్త అద్దానికి రెండు చేతులూ ఆనించి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. దొర ఎందుకు అట్లా చేసిందో ఆ ఇంట్లో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

అమ్మ వంటింటి గడప మీద నిలబడి చాటలో బియ్యం చెరుగుతూ, "అదే మూతి, అదే తోక. దాని ఎదురుగ్గా దాన్నే తెచ్చి నిలబెడితే ఊరుకుంటాదా?" అంది. చెరగడం ఆపి, ఒకే పువ్వుల గౌన్లలో ఉన్న మా ఇద్దరినీ ఒకసారి చూసి, మళ్ళీ చెరిగింది.

నాన్న బండి తీశాడు, చేపల అంగడికి వెళ్ళి అడిగొస్తానని. లూనా మీద పిల్ల ఒక్కతికే చోటు. నేను అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాను. నాన్న నన్ను దాటి వెనక్కి చూసి, "సువార్తా, నువ్ రామ్మా. నువ్వైతే అన్నీ అడుగుతావు," అన్నాడు. నేను నిలబడే చోట అది నిలబడింది. బండి మలుపు తిరిగేదాకా దాని ఎర్ర రిబ్బను కనబడుతూనే ఉంది.

అంగట్లో ఏం జరిగిందో తర్వాత సువార్తే ఇంటిల్లిపాదికీ చేతులు తిప్పుతూ చెప్పింది. అంగడి చాంద్ భాయ్ నాన్నను చూసి తల కొట్టుకున్నాడట. "అరె సామేల్ భాయ్, ఒకే తొట్లో రెండు రెడ్ టైలా? కైకు, ఎందుకు భాయ్? ఇంటికొక్కటే ఉండాల అది!" మరి అమ్మేటప్పుడు చెప్పలేదేమని నాన్న అడిగితే, "నువ్ అడగలే గదా భాయ్, నేను రెండిళ్ళు ఉండాయేమో అనుకుంటి," అన్నాడట. ఇట్లాంటి కోపదారి చేపకు తోడు వెతకాలంటే దాని పోలిక ఉన్నదాన్ని ముందు తీసెయ్యాలన్నాడు. అది తొట్టి అడుగున తిరిగేది కాబట్టి అడుగుకు ఇంకొకటి రాకూడదు. నడిమి నీళ్ళలో పులిచారల బార్బు చేపలు వేయాలి, అది కూడా ఒకటీ రెండూ కాదు, గుంపుగా. అప్పుడు వాటి కొట్లాటలు వాటిలో అవే పడతాయి, ఇతరుల జోలికి రావు. పైన తిరగడానికి డేనియోలు, దొర వెంటబడినా దొరకనంత చురుకైనవి. సువార్తకు ఏంజెల్ చేప కావాలనిపించిందట, పెళ్ళికూతురి ముసుగులాంటి రెక్కలు చూసి. "నక్కో బేటీ, అది వద్దు, పొడుగు రెక్కలోళ్ళని బార్బులు ఊరికే ఉంచవు, కొరికేస్తాయి," అన్నాడట. కొత్తవాటిని వేసే ముందు రాళ్ళూ మూకుడూ అన్నీ చోటు మార్చి పెట్టాలి, అప్పుడు పాతదానికి కూడా ఇల్లు కొత్తదే అవుతుంది, ఇది నాది అని ఎగబడదు. శనివారం ఆ కొత్త ఎర్రతోకను తెచ్చిస్తే వాపసు తీసుకుంటానన్నాడు.

ఇంత బాగా చెప్పింది కదా, అందరూ నోళ్ళు తెరిచి విన్నారు కదా, నేను లేచి దాని జడ పట్టుకున్నాను. ఈసారి అదీ ఊరుకోలేదు. మేత డబ్బా ఎగిరిపడింది, పురుగులు బండల మీద చిందాయి. నాన్న అరిచే మనిషి కాదు. ఆ రోజు కూడా అరవలేదు. చీపురు తెచ్చి ఆ పురుగులు తానే ఊడ్చి, నడుము ఎత్తకుండానే అన్నాడు:

"పండగ అయినాక సువార్తని ఊర్లో దింపొస్తా. నాతో కాదింక."

నాకు ఒళ్ళంతా తేలికైంది. క్రిస్మస్ ఎప్పుడొస్తుందా అని అంతకుముందూ తర్వాతా అంతగా ఎదురుచూడలేదు. సువార్త మాత్రం ఆ నాటి నుంచి ప్రశ్నలు మానేసింది. లెక్కల పుస్తకం మూసి కిటికీలో పెట్టింది. ఊరికి పోతే ఇంక దానితో పని లేదు.

శనివారం వచ్చింది. నాన్న లుంగీ పైకి కట్టుకుని, వలగుడ్డతో కొత్త ఎర్రతోకను పట్టి, నీళ్ళు నింపిన కవర్లో వేసి, మూతి రబ్బరుతో బిగించాడు. నేను ఆ కవరు అందుకుని బండి ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పుడే లోపలి గదిలో రేకు పెట్టె మూత చప్పుడైంది.

"ఏందే అమ్మీ, ఏం చేస్తాండావు?" అవ్వ గొంతు.

"బట్టలు సర్దుకుంటాండా అవ్వా."

"ఇప్పుడేందుకే? పండగ ఇంకా ఉండాది గదా."

"చాంద్ భాయ్ అంగడి బస్టాండు పక్కనే. మామ ఎట్లాగూ ఆ పక్కకే పోతాండాడు. కొత్తగా వచ్చిందే గదా అవ్వా పోవాల్సింది. రెండూ ఒకే దారి." ఏడుస్తూ కాదు, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

నాన్న గడపలో నిలబడిపోయాడు. చేతిలో కవరు, కవర్లో చీలిన తోకతో ఆ చేప. గదిలో రేకు పెట్టె, పెట్టె ముందు మోకాళ్ళ మీద, అచ్చం వాళ్ళ అక్క మొహంతో సువార్త. ఆ కవరుతోనే పెరట్లోకి నడిచాడు. అక్కడ బట్టలుతికే బండ పక్కన సిమెంటు నీళ్ళతొట్టి ఉండేది, ఎప్పుడూ సగం నీడలో. అందులో సబ్బు నీళ్ళన్నీ తోడి పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది, నిలవ కడవలన్నీ కుమ్మరించి, గుప్పెడు రాళ్ళుప్పు చల్లి, పగిలిన పూలకుండీ ఒకటి అడుగున పడుకోబెట్టి, కవరు మూతి విప్పాడు. చేప కాసేపు పైనే తేలింది, తర్వాత కుండీ నోట్లోకి దూరింది.

"అమ్మా, బట్టలుతికే నీళ్ళకి ఇంకో తావు చూడండి," అన్నాడు. "ఈడ ఇది ఉంటాది." ఆపైన లోపలికి తిరిగి, గొంతు కొంచెం పెంచి, "పెట్టె మంచం కిందికి నెట్టు సువార్తా. లెక్కల పుస్తకం యాడ పెట్టినావు?"

నా క్రిస్మస్ అక్కడితో అయిపోయింది.

ఆ సాయంత్రం అద్దాల తొట్టిలో రాళ్ళన్నీ చోటు మార్చారు. అమ్మ ఇంట్లో మా పక్కలు కూడా మార్చింది. అవ్వ పక్కలో నా చోటు తీసి కిటికీ వైపు వేసింది, సువార్తకు అమ్మ వైపు. ఇద్దరివీ కొత్త చోట్లే కాబట్టి ఇది నాది అనడానికి నోరు రాలేదు. మేత లెక్క కూడా తేల్చేశారు: లోపలి తొట్టి నాది, పెరటి తొట్టి దానిది. నాన్న అంగడి నుంచి తెచ్చి వేసిన పులిచారల బార్బులు దొర మీదుగా ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరిగేవి, పైన డేనియోలు వెండి సూదుల్లా మెరిసేవి. దొర రోజుకోసారి అందరినీ బెదిరించి, ఎవరూ లెక్కచేయకపోతే మూకుడు కిందికి వెళ్ళి పడుకునేది. నాకూ దానికీ ఒకటే వైభోగం.

"ఇంక ఒకే తాను గుడ్డ తేవద్దు," అని అమ్మ నాన్నకు గట్టిగా చెప్పింది. పండుగకు నాకు నీలం, దానికి పసుపు తెచ్చాడు నాన్న. అదే కదా నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది! గులాబి పూల అచ్చు నూనెలో ముంచి తీస్తున్న అమ్మ దగ్గరికి వెళ్ళి, కజ్జికాయల పళ్ళెం ముందర కూర్చుని, పసుపు కావాలని ఏడ్చాను. "దేవుడా, దీన్ని నువ్వే చూసుకో," అంది అమ్మ, అచ్చు ఎత్తిపట్టుకుని.

సువార్త చదివింది. నేను ఎనిమిదిలో తప్పి, మళ్ళీ కూర్చోలేక వంటింట్లో అవ్వ దగ్గర చేరాను. అది టీచరు అయింది, కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆ కళ్ళద్దాల మీద కూడా నాకు కుళ్ళే. ఇప్పుడు ఆ సందులో మా ఇల్లు లేదు, నల్లబండలు లేవు, మూడంతస్తుల గోడ ఉంది. చాంద్ భాయ్ అంగట్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. కోత పండుగ వేలంలో కాళ్ళు కట్టిన కోళ్ళు కనబడడం లేదు, అందరూ డబ్బు కవర్లే ఇస్తున్నారు. అవ్వ పోయింది, నాన్న పోయి కూడా చాలా ఏళ్ళయింది. పక్కింటి పాపకు మాత్రం చెప్పాను: దాని మొహమే ఉన్నదాన్ని తేవద్దు, వేరే నీళ్ళలో తిరిగేదాన్ని తే, తెచ్చేముందు రాళ్ళు కదుపు, అప్పటికీ కుదరకపోతే పారేయకు, ఇంకో తొట్టి చూడు అని.

పోయిన నెల సువార్త ఇంటికి భోజనానికి వెళ్ళాను. గిన్నెలు కడుగుతూ పాత సంగతులు మాట్లాడుకుంటుంటే, అది ఉన్నట్టుండి కుళాయి కట్టేసి అంది.

"నీకు తెల్దు విమలా. నిన్ను చూస్తే నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో."

"నన్ను చూసా? నా కాడ ఏముండేదే?"

"నువ్వు జడలు పీకి, డబ్బాలు ఇసిరేసి, గోల చేసేదానివి. నిన్ను యాడికీ పంపిస్తాననలేదు గదా ఎవరూ. నేను ప్రశ్న అడిగినా బయపడే అడిగేదాన్ని, తెలివిగల పిల్ల అనుకుంటే ఉంచుకుంటారని. ఎన్నేండ్లు ఉన్నా ఆయన నాకు మామే. నీకు నాన్న."

నేను తడిచేతులు కొంగుకు తుడుచుకున్నాను. దానికి ఓదార్పు మాట ఒకటి చెప్పాల్సింది. చెప్పాను కూడా, తర్వాత. దానికంటే ముందు మాత్రం, "కుళాయి చప్పుడులో సరిగ్గా ఇనపడలే. మళ్ళొకసారి చెప్పు," అన్నాను. కుళాయి కట్టేసే ఉంది. అది నా మొహం చూసి, నవ్వి, మళ్ళీ చెప్పింది.

టీ దిగింది, తాగండి. మీ ఇంటికి వచ్చినవాళ్ళు పెట్టె సర్దుకునే అవసరం రాకూడదు, ఉన్నవాళ్ళు చోటు తగ్గిందని అలగకూడదు. మీ కడవల్లో నీళ్ళు, మీ బుట్టలో రొట్టెలు, మీ పిల్లల నోళ్ళలో ప్రశ్నలు ఎప్పుడూ తరగకుండా దేవుడు మీ గడపను చల్లగా చూడాలి.